బురద నీళ్ళకి ఏ ఎర?

నాగావళిలో నీళ్ళు ఎర్రబడ్డాయంటే మా మావయ్యకి ఇంట్లో కాలు నిలిచేది కాదు. ఇక్కడ చుక్క వాన ఉండదు, ఎండ కాస్తూనే ఉంటుంది. పైన ఒడిశాలో, కలహండి, రాయగడ కొండల్లో కురిసిన వాన అక్కడి మన్నుని కలుపుకుని మా ఆమదాలవలస వైపు దిగుతుంది. పొద్దున్న లేచేసరికి ఏరు టీ రంగులో ఉంటుంది. ఊళ్ళో అందరూ 'ఎర్రనీరొచ్చింది' అని చెప్పుకుంటుంటే మావయ్య అప్పటికే పెరట్లో అరటిచెట్టు మొదట్లో ఎర్రలు తవ్వుతుండేవాడు. వానపాముల్ని మేం అలాగే అంటాం.

"ఇంత బురదలో చేపకి ఎర ఎలా కనిపిస్తుంది మావయ్యా?" అని ఎనిమిదేళ్ళప్పుడు అడిగాను.

"కరెంటు పోతే నువ్వు కూడు తినడం మానీసినావేటి బావూ?" అన్నాడు.

గాలం వేసే ముందు ఆయన ఒడ్డున గొంతుక్కూర్చుని కుడిచెయ్యి నీళ్ళలో ముంచేవాడు. మోచెయ్యి దాకా ముంచినా వేళ్ళు కనిపిస్తున్నాయంటే కొక్కేనికి ఒకే ఎర్ర, దారం సన్నది. మణికట్టు మునగగానే వేళ్ళు మాయమైతే మాత్రం లెక్క మారిపోతుంది. అప్పుడు మూడు నాలుగు ఎర్రలు గుత్తిగా గుచ్చాలి. కొసలు వదిలెయ్యాలి, అవి మెలికలు తిరుగుతుండాలి. రొయ్యయితే పెంకు చిదిమి పెట్టాలి, వాసన నీళ్ళలోకి పోవాలి. నడి ఏట్లోకి విసరడం వృథా. వరద వడికి చేప ఒడ్డు పక్కన వేళ్ళ కిందకీ, పొదల కిందకీ చేరుతుంది. ఎర దాని ముక్కు ముందుకే వెళ్ళాలి.

జెల్లకి మీసాలే నాలుక. వాటితోనే రుచి చూస్తుంది. చేప ఒంటికి రెండు పక్కలా తల నుంచి తోక దాకా ఓ గీత ఉంటుంది చూడండి, నీళ్ళలో కదలిక దానికే తెలుస్తుంది. ఇవన్నీ నేను తర్వాతెప్పుడో పుస్తకాల్లో చదువుకున్నాను. చెయ్యి ముంచే లెక్క కూడా అంతే. 1865లో సెక్కీ అనే ఇటలీ మతాచార్యుడు తెల్లటి పళ్ళేన్ని తాడుతో సముద్రంలోకి దింపి, అది ఎంత లోతులో కనబడకుండా పోతుందో చూసి నీళ్ళ తేటదనం కొలిచాడట. సరస్సుల్ని పరిశీలించేవాళ్ళు ఇప్పటికీ ఆ పళ్ళెం వాడుతున్నారు. మావయ్యకి చెబితే, "పల్లెమెందుకు, సెయ్యి లేదేటి?" అన్నాడు.

రెండేళ్ళ క్రితం శ్రావణంలో డాలస్ నుంచి వచ్చిన స్నేహితుడు నాకో పెట్టె ఇచ్చాడు. తెరిస్తే ప్లాస్టిక్ చేపలు, రబ్బరు పురుగులు, రేకు రెక్కలు... పిప్పరమెంట్ల దుకాణంలా ఉంది. అమెరికాలో బాస్ అనే చేప కోసం జనం ఇలాంటి పెట్టెలు పట్టుకుని చెరువుల వెంట తిరుగుతారు. ఆ బాస్ మన ఏట్లో ఉండదు. కళ్ళేపల్లి దగ్గర నాగావళి సముద్రంలో కలిసే వైపు వెళితే పండుగప్ప ఉంటుంది. దాన్నీ ఇంగ్లీషులో సీ బాస్ అంటారు గానీ, చుట్టరికం పేరు వరకే.

బురద నీటికి ఏ రంగో మావాడు గట్టిగానే చెప్పాడు. పచ్చగడ్డి, నిమ్మపండు కలిసినట్టుండే రంగు ఒకటి, లేదంటే నలుపు. అందులోనూ లెక్కుంది. తేట నీళ్ళలో లోతుకి వెళ్ళేకొద్దీ ముందు మాయమయ్యేది ఎరుపు. బురద నీళ్ళలో ముందుగా చచ్చిపోయేది నీలం. పసుపు, నారింజ ఛాయలు ఇంకాస్త లోతుకి దిగుతాయి. మరీ చిక్కటి బురదైతే ఏ రంగూ మిగలదు. పైనుంచి పడే మసక వెలుతురుకి అడ్డంగా కదిలే నల్లటి నీడ ఒక్కటే తెలుస్తుంది.

ఈ పాఠమంతా మావయ్యకి అప్పజెప్పాను. ఆయన ఒక్కో ప్లాస్టిక్ చేపనీ తీసి చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు. కడుపులో గోళీలున్న నల్లది గలగలమంది. "ఇది కట్టు" అన్నాడు. నేను రంగు చూసి మరోటి కట్టాను. రెండు గంటలు విసిరాక గుర్రపుడెక్క ఆకులు బోలెడు పడ్డాయి. చివరికి గలగలలాడేది కట్టి పిల్లకాలవ మొగలో వేస్తే మూరెడు కొర్రమీను ఒక్క గుంజు గుంజింది.

"నీ అమెరికా సేప మంచిదే బావూ, మోగతాది" అని దాన్ని గోగునారకి గుచ్చాడు.

ఆ సాయంత్రం పెట్టె సర్దుతూ నీలం చేపని తెచ్చి నల్లవాటి అరలో పెట్టాడు. నవ్వుకుని ఊరుకున్నాను.

మొన్న సంక్రాంతికి వెళ్ళాను. కనుమ మర్నాడు ఇద్దరం ఏటికెళ్ళాం. పుష్యమాసపు నాగావళి ఎలా ఉంటుందో చూసినవాళ్ళకి తెలుసు. మోకాలి లోతులో ఇసుక మీద నీడలు కూడా కనిపిస్తాయి. మావయ్య ఎప్పట్లాగే గొంతుక్కూర్చుని చెయ్యి ముంచాడు. మణికట్టు దగ్గరే ఆగాడు.

"ఈయేల నీలు బురదగున్నాయి బావూ. గుత్తి కట్టీ."

ఆయన అయిదు వేళ్ళూ నాకు స్పష్టంగా కనిపిస్తున్నాయి. ఉంగరం మీది గీతలు కూడా. ఏం చెప్పాలో తోచలేదు. నాలుగు ఎర్రలు గుత్తిగా గుచ్చి ఇచ్చాను. బెండు వైపు ఆయన ఒక్కసారి కూడా చూడలేదు. దారం చూపుడువేలి మీద వేసుకుని ఎటో చూస్తూ కూర్చున్నాడు. వేలు కదలగానే కర్ర లేపాడు. జెల్ల. ఎప్పట్నుంచి ఇలా వేలితోనే పడుతున్నాడో నాకు తెలీదు. పత్రికలో పనిచేస్తూ ఊరందరి సంగతులూ రాస్తుంటాను!

శ్రీకాకుళంలో కంటి డాక్టరు రెండు కళ్ళకీ శుక్లాలు ముదిరాయన్నారు. కంటి కటకం పసుపుబారుతుందట, ముందుగా మసకబారేది నీలం రంగేనట. ఆపరేషన్ అనగానే మావయ్య లేచి చెప్పులు వేసుకున్నాడు. అత్తయ్య రెండు రోజులు మాట్లాడ్డం మానేస్తే గానీ కుడికంటికి ఒప్పుకోలేదు.

కట్టు విప్పిన నాలుగో రోజున నల్లకళ్ళద్దాలతో అరుగు మీద కూర్చుని పెట్టె తెమ్మన్నాడు. అరలన్నీ తడిమి ఒకటి పైకి తీసి, అద్దాలు నుదుటి మీదకి జరిపి చూశాడు.

"ఇది నల్లది కాదేటి?"

"నీలం, మావయ్యా."

"మరప్పుడే సెప్పలేదేటి?" అని కోప్పడ్డాడు.

ఎడమకన్ను ఇంకా మిగిలే ఉంది. ఎప్పుడు చేయిద్దామని ఫోన్లో అడిగితే, "ఇప్పుడు కాదు, ఎర్రనీరొచ్చీ టైము" అంటున్నాడు.