వెనక బండి ముందు కట్టండి

మాడుగుల పేరు చెప్తే ఎవరైనా ముందు హల్వా అంటారు. తర్వాత కొండలంటారు. ఊరి వెనక తూర్పు కనుమలు, ఆ ఘాట్ రోడ్డు ఎక్కితే పాడేరు. సముద్రం ఊసు మాత్రం ఎవరూ ఎత్తరు. అది మాకంత దగ్గరా కాదు. వడ్డాది మీదుగా చోడవరం, అక్కణ్నుంచి అనకాపల్లి, మునగపాక, అచ్యుతాపురం దాటుకుని పూడిమడక చేరాలంటే అటూ ఇటూగా 70 కిలోమీటర్లు. బస్సులు మారుతూ వెళ్తే ఓ పూట పోయినట్టే. ఆ దూరం జనవరిలో సైకిళ్ల మీద వెళ్లాలని మా ఇంట్లో రెండు నెలలుగా ప్లాను నడుస్తోంది. మా పెళ్లికి కూడా ఇన్ని చర్చలు జరిగి ఉండవు.

ఈ ఏడే ఎందుకంటే, మా పాప పదో తరగతి. మార్చిలో పరీక్షలు, జూన్‌లో ఇంటర్. మా ఊళ్లో పదయిన పిల్లలు పెట్టె సర్దుకుని విశాఖపట్నమో మరో చోటో హాస్టల్‌కి వెళ్లిపోవడం మామూలే. ఆ తర్వాత పండక్కి వచ్చే చుట్టాలే వాళ్లు. "అమ్మా, నేను వెళ్లేలోపు ఒక్కసారి సైకిల్ మీద సముద్రం దాకా వెళ్దామా?" అని దసరా సెలవుల్లో అడిగింది. మా ఆయన నవ్వేశారు. నేను నవ్వలేదు. అలా మొదలైంది.

పాప తొక్కే సైకిల్ దాని పెద్దమ్మ కూతురిది. ప్రభుత్వం 'బడికొస్తా' పేరుతో తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు సైకిళ్లిచ్చిన రోజుల్లో ఆ పిల్లకొచ్చింది. ఆ పిల్ల ఇప్పుడు ఉద్యోగం చేస్తోంది, సైకిల్ మాత్రం ఇంకా బడికే వెళ్తోంది.

ముందు నలుగురమే అనుకున్నాం. వారం తిరిగేసరికి తొమ్మిదిమందిమయ్యాం. నేను, మా ఆయన, పాప, దాని స్నేహితురాలు, మరిది, తోటికోడలు, మరిది స్నేహితులు ఇద్దరు, 62 ఏళ్ల మా బావగారు. బావగారు ఒకప్పుడు క్యారియర్‌కి రెండువైపులా పాల క్యాన్లు కట్టి ఊరూరా తిరిగిన మనిషి. మా తోటికోడలు సైకిల్ నేర్చుకుని ఏడాదే అయింది, అదీ 36వ ఏట, సాయంత్రాలు బడి మైదానంలో. 1990ల మొదట్లో తమిళనాడులోని పుదుక్కోట్టై జిల్లాలో అక్షరాస్యత ఉద్యమంతో పాటు వేలమంది ఆడవాళ్లకు సైకిల్ నేర్పారని ఆమెకు చెప్తే, "అయితే నేను 30 ఏళ్లు లేటన్నమాట" అంది.

ఏ సముద్రం అన్నది మొదటి తగువు. విశాఖ బీచ్ అన్నారు కుర్రాళ్లు. ఆ ట్రాఫిక్‌లో వద్దన్నాను. భీమిలి అన్నారు బావగారు. భీమిలి నుంచి నర్సీపట్నం వెళ్లే బీఎన్ రోడ్డు చోడవరం మీదుగానే పోతుంది కాబట్టి దారి వెతుక్కునే పని లేదు. కానీ ఆ రోడ్డు గుంతల సంగతి మా వైపు వాళ్లకు చెప్పక్కర్లేదు. చివరికి పూడిమడక ఖాయమైంది. పైగా అది ఇప్పుడు మా జిల్లా సముద్రం. 2022 ఏప్రిల్‌లో అనకాపల్లి జిల్లా ఏర్పడ్డాక మాకు విశాఖ కంటే పూడిమడకే సొంతం అనిపిస్తోంది.

అసలు తగువు వేగం దగ్గరొచ్చింది. మరిదికి గేర్ల సైకిల్ ఉంది. ఫోన్‌లో బ్రెవేల గురించి చదువుతుంటాడు. అవి పందేలు కావు, ఇచ్చిన గడువులోపు దూరం పూర్తి చేస్తే చాలు. 200 కిలోమీటర్లకు పదమూడున్నర గంటలు ఇస్తారు. "అంటే ఆగినవాటితో కలిపి గంటకు 15 కిలోమీటర్లే వదినా. అంత కూడా తొక్కలేమా? 70 ఏముంది, నాలుగున్నర గంటల పని. పోనూ రానూ సైకిల్ మీదే చేసేద్దాం" అన్నాడు. కాగితం మీద లెక్క సరిగ్గానే ఉంది. ఆ కాగితంలో తోటికోడలు లేదు, బావగారి మోకాళ్లు లేవు, పాప పాత సైకిల్ లేదు.

"మేం ముందెళ్లి చోడవరంలో ఆగుతాం, మీరు మెల్లగా రండి" అన్నారు వాడి స్నేహితులు. వినడానికి బాగానే ఉంటుంది. కానీ అలా జరిగితే ముందెళ్లినవాళ్లు అరగంట కూర్చుని అలసట తీర్చుకుంటారు. వెనకొచ్చినవాళ్లు చేరగానే "ఇక పదండి" అని లేస్తారు. ఎక్కువ అలసినవాళ్లకే తక్కువ విశ్రాంతి. అలా రెండుసార్లు జరిగితే మూడో మజిలీకి ఎవరో ఒకరు, "నా వల్ల మీకు ఆలస్యం, నేను బస్సెక్కుతాను" అంటారు. అనేది ఎవరో నాకు తెలుసు. మా తోటికోడలే.

అప్పటిదాకా చిక్కుళ్లు ఒలుస్తున్న మా అత్తయ్య తలెత్తింది. ఆవిడ పుట్టిల్లు చోడవరం పక్కన పల్లె. మాఘ పౌర్ణమికి సముద్రస్నానం మా వైపు ఆనవాయితీ. ఆవిడ చిన్నతనంలో ఎద్దుబళ్లు కట్టుకుని రాత్రంతా ప్రయాణం చేసి వెళ్లేవారట. "మా అయ్య ఒకటే సెప్పీవోడు. ఎనక బండి ముందు కట్టండ్రా అని. ముసలెద్దుల బండి ముందుండాల. కుర్రెద్దులు ముందుంటే ముసలియి రొప్పి సచ్చిపోతాయి. ముసలియి ముందుంటే కుర్రెద్దులకి ఏటవుద్ది? కాస్త ఇసుగు, అంతే" అంది. తోటికోడలు, "అంటే నేను ముసలెద్దునా అత్తా?" అంది. అందరం నవ్వాం. కానీ ఆ రాత్రే ప్లాను మారిపోయింది. వేగం గంటకు 12 కిలోమీటర్లు. ముందు తోటికోడలు, ఆమె వెనక బావగారు. పోను సైకిల్, రాను వ్యాను.

తర్వాత సమస్య మగవాళ్ల కాగితంలో ఎక్కడా లేనిది. తొమ్మిదిమందిలో నలుగురం ఆడవాళ్లం. ఏడు గంటల ప్రయాణం. మధ్యలో ఎక్కడికెళ్లాలి? మగవాళ్లకు చెట్టుంటే చాలు. ఈ ఒక్క కారణానికి దార్లో నీళ్లు తాగడం మానేసే ఆడవాళ్లు ఎంతమందో మీకూ తెలుసు. ఎండలో సైకిల్ తొక్కుతూ నీళ్లు మానేస్తే సముద్రం కాదు, ఆస్పత్రి చేరతాం. అందుకని ఓ ఆదివారం నేనూ తోటికోడలూ స్కూటీ వేసుకుని దారంతా తిరిగి చూసొచ్చాం. చోడవరం, అనకాపల్లి బస్ కాంప్లెక్సులు, మధ్యలో పెట్రోలు బంకులు. ఒక బంకులో తలుపుకి తాళం. తాళం మేనేజరు దగ్గర, మేనేజరు పెళ్లిలో. ఆ బంకు కొట్టేశాం. మిగతావి గుర్తు పెట్టుకున్నాం. మేమెక్కడ ఆగాలన్నది ఇప్పుడు టీ దుకాణాలను బట్టి కాదు, ఈ గుర్తులను బట్టి.

బయల్దేరే వేళ మీద మరో రెండ్రోజులు నడిచింది. మరిది తెల్లవారుజామున 4 అన్నాడు. జనవరిలో మాకు సూర్యుడొచ్చేది ఆరున్నరకి. చీకట్లో, మంచులో, చెరకు లోడు ట్రాక్టర్లు తిరిగే రోడ్డు మీద పిల్లలతో రెండున్నర గంటలు నేను ఒప్పుకోనన్నాను. కానీ వాడి వాదనలోనూ బలముంది. బళ్లో సైన్సు చెప్పేదాన్ని, నాకు తెలియంది కాదు. రాత్రి నేల త్వరగా చల్లబడుతుంది, గాలి నేల నుంచి సముద్రం వైపు వీస్తుంది. పగలు నేల త్వరగా వేడెక్కుతుంది, గాలి సముద్రం నుంచి ఇటు తిరుగుతుంది. అంటే పొద్దున్నే వెళ్తే గాలి ఎదురు రాదు, ఆలస్యమైతే చివరి 20 కిలోమీటర్లూ ఎదురుగాలే. చివరికి 5 గంటలకు రాజీపడ్డాం. ముందు లైటు, వెనక ఎర్ర లైటు, ఒంటి మీద మెరిసే పట్టీలు తప్పనిసరి.

ఎదురుగాలిలో మాత్రం మా అత్తయ్య సూత్రం కొంచెం మారుతుంది. సైకిల్‌కి ముందున్నవాడు గాలికి అడ్డం పడితే వెనకున్నవాళ్లకు శ్రమ తగ్గుతుంది. అందుకే మునగపాక దాటాక మరిదీ వాడి స్నేహితులూ వంతులవారీగా ముందుంటారు. కానీ వాళ్ల వెనకే తోటికోడలు. ఆమె బెల్లు కొడితే వేగం తగ్గించాలి. ముందుండేవాడి పని గెలవడం కాదు, గాలి కాయడం. ఈ మాట వాడి స్నేహితులకు బాగా నచ్చింది. ఎందుకో మరి, ఆ రోజు నుంచి "మీరు మెల్లగా రండి" అనడం మానేశారు.

ఆదివారమే ఎంచుకోడానికి కారణం అచ్యుతాపురం సెజ్. మామూలు రోజుల్లో షిఫ్టు బస్సులు, కంటైనర్ లారీలతో ఆ రోడ్డు ఊపిరాడదు. 2025 జనవరిలో పూడిమడక గ్రీన్ హైడ్రోజన్ హబ్‌కి ప్రధాని శంకుస్థాపన చేశారు. ఇకముందు ఆ దారి రద్దీ పెరుగుతుందే తప్ప తగ్గదు.

సైకిళ్లన్నీ వీధి చివర షాపు తాత చూశాడు. పాప సైకిల్‌కి వెనక టైరు పగుళ్లిచ్చింది, మార్చాడు. అందరికీ బ్రేకు రబ్బర్లు కొత్తవి వేశాడు. సీట్లన్నీ పైకెత్తాడు. పెడలు కిందికొచ్చినప్పుడు మడమ ఆనించితే మోకాలు నిటారుగా రావాలట. "సీటు కిందుంటే మోకాళ్లు పోతాయమ్మా" అన్నాడు. రెండు ట్యూబులు, పంపు, సొల్యూషను, ప్యాచీలు మరిది సంచిలో. తిండి సంచి నాది. అరటిపళ్లు, ఉప్పూ పంచదార కలిపిన నిమ్మరసం, వేరుశనగ ఉండలు, హల్వా. గోధుమపాలు, నెయ్యి, జీడిపప్పుతో చేసిన మా హల్వా చిన్న ముక్క తిన్నా చాలాసేపు ఆకలనిపించదు. ఫ్రిజ్ లేకుండా రోజుల తరబడి ఉంటుంది. సైకిలు ప్రయాణానికి ఇంతకంటే ఏం కావాలి?

అన్నిటికంటే కష్టమైన మాట చివర్న వచ్చింది. మా ఆయన అన్నారు, "రోడ్డు సంగతి సరే, సముద్రం దగ్గర పిల్లల్ని ఎలా ఆపుతావ్?" 2022 జులైలో పూడిమడక బీచ్‌కి వెళ్లిన ఇంజినీరింగ్ విద్యార్థులు కెరటాల్లో కొట్టుకుపోయి చనిపోయారు. మా జిల్లాలో కన్నవాళ్లెవరూ ఆ రోజుని మర్చిపోలేదు. ఆ మాటన్నాక ఇంట్లో కాసేపు ఎవరం మాట్లాడలేదు. పాపే అంది, "నాన్నా, మోకాళ్ల దాకా. అంతకు మించి దిగం. చేతులు పట్టుకునే దిగుతాం." అది కాగితం మీద పెద్దక్షరాలతో రాయించాను. అలల్లోకి ఒంటరిగా ఎవరూ వెళ్లకూడదు. బావగారు ఒడ్డునే కూర్చుని తలలు లెక్కపెడతారు. మత్స్యకారులు వద్దన్న చోట అసలు దిగం. మా ఆయన ఆ కాగితం రెండుసార్లు చదివి, ఏమీ అనకుండా కేలండరు పక్కన గోడకి అంటించారు. అదే ఆయన ఒప్పుకోలు.

సంక్రాంతి రద్దీ తగ్గాక వచ్చే రెండో ఆదివారం ప్రయాణం. పొద్దున్న 9కి అనకాపల్లిలో ఇడ్లీలు, మధ్యాహ్నం పన్నెండుంపావుకి పూడిమడక, మూడింటికి వ్యానులో తిరుగు. మధ్యాహ్నం భోజనం గిన్నెలతో ఆ వ్యాను అనకాపల్లిలో మమ్మల్ని కలుస్తుంది. అందులో ముందు సీటు అత్తయ్యది. ఎవరూ పిలవలేదు, ఆవిడే ఖాయం చేసుకుంది. మోకాళ్ల నియమం తనక్కూడానా అని నిన్న అడిగింది. అందరికీ అన్నాను.

"నువ్వు పుట్టకముందే ఆ సముద్రంలో మూడు మునకలేసొచ్చినదాన్ని. నాకేటి సెప్తావే?" అంది.

ప్లానులో ఆ ఒక్కటే ఇంకా తేలలేదు.