మరో బండి రేడియేటర్

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. మా మారుతి 800 రేడియేటర్ కూడా ఆ కార్తెలోనే పగిలింది. పైనుండే ప్లాస్టిక్ ట్యాంకు అల్యూమినియం కోర్‌తో కలిసే అంచున సన్నటి చీలిక పడి, కూలెంట్ చుక్కలు చుక్కలుగా కారసాగింది. ఆ కారు తయారీ 2014లోనే ఆగిపోయినా సామాను దొరకనంత అరుదైన బండి కాదది. కొత్త రేడియేటర్ తెచ్చుకోవచ్చు. అయినా నేను విజయవాడ ఆటోనగర్‌కే వెళ్లాను. పాత సామాను కొట్లో మంచి భాగాన్ని ఏరి తెచ్చుకోవడం డబ్బుల్లేనివాళ్ల సర్దుబాటని చాలామంది అనుకుంటారు. నా దృష్టిలో అదొక విద్య.

రేడియేటర్ మీద నాకు మొదటి నుంచీ గౌరవం. ఇంజిన్‌లో మండే పెట్రోలులో బండిని నడిపేందుకు అక్కరకొచ్చేది మూడో వంతుకు మించదు. మిగిలినదంతా వేడే. కొంత సైలెన్సర్ గొట్టంలోంచి బయటికి పోతుంది, కొంత ఇంజిన్ చుట్టూ తిరిగే నీళ్లలోకి దిగుతుంది. ఆ నీళ్లను చల్లార్చి మళ్లీ పనిలోకి పంపేది రేడియేటర్. కార్ల తొలినాళ్లలో ఈ సౌకర్యం లేదు. 1888లో బెర్తా బెంజ్ తన భర్త చేసిన మూడు చక్రాల బండిలో ఇద్దరు కొడుకులను ఎక్కించుకుని, జర్మనీలో మాన్‌హైమ్ నుంచి ఫోర్ట్స్‌హైమ్ దాకా వంద కిలోమీటర్లు వెళ్లింది. ఇంజిన్ వేడికి నీళ్లు ఆవిరైపోతుంటే దారి పొడవునా ఆగి పోసుకోవాల్సి వచ్చింది. ఆ తర్వాత పన్నెండేళ్లకు విల్‌హెల్మ్ మైబాఖ్ మెర్సిడెస్ బండి కోసం 8,070 చిన్న గొట్టాలతో తేనెపట్టు లాంటి రేడియేటర్ తయారు చేశాడు. దాంతో కొద్దిపాటి నీళ్లతోనే పెద్ద ఇంజిన్ చల్లగా నడిచింది.

మన దగ్గర రేడియేటర్ ఆయుష్షును హరించేది తరచుగా ఆ నీళ్లే. కూలెంట్ ఖరీదు చూసి బోరు నీళ్లు పోసేస్తాం. అందులోని సున్నం గొట్టాల లోపల గారలా పేరుకుంటుంది. రాగి, ఇత్తడి రేడియేటర్ల కాలంలో ట్యాంకు ఊడదీసి, సన్నటి ఊచలతో గొట్టాలు పొడిచి శుభ్రం చేసి, మళ్లీ మాటు వేసి ఇచ్చేవాళ్లు. అల్యూమినియం కోర్‌కు ప్లాస్టిక్ ట్యాంకులు నొక్కి బిగించే పద్ధతి వచ్చాక ఆ పనితనానికి చోటు తగ్గింది. ఇప్పుడు చాలావరకు పగిలితే మార్చడమే. మార్చాలంటే కొత్తదైనా కొనాలి, మరో బండి దగ్గరికైనా వెళ్లాలి.

ఆ మరో బండ్లన్నీ చేరేది ఆటోనగర్‌కే. లారీ బాడీలు కట్టే షెడ్లు, సుత్తి దెబ్బలు, వెల్డింగ్ మెరుపులు, వాటి మధ్య పాత సామాను కొట్లు. ఒక్కో కొట్టు ముందు తలుపులు ఒక వరసలో, గేరు బాక్సులు ఒక గుట్టగా, రేడియేటర్లు పుస్తకాల్లా నిలువునా. అక్కడ నిలబడినప్పుడల్లా నాకొక సంగతి స్పష్టమవుతుంది. బండికి చావొస్తే దాని భాగాలన్నిటికీ రాదు. వెనక నుంచి లారీ గుద్దిన కారుకు డిక్కీ నుజ్జవుతుంది గాని రేడియేటర్ చెక్కుచెదరదు. ముందు దెబ్బ తిన్నదానికి వెనక తలుపులు, దీపాలు నిక్షేపంగా ఉంటాయి. ఏది పోయిందో, ఏది మిగిలిందో విడదీసి చూడగల కన్ను నేను వెళ్లిన కొట్టు పెద్దాయనది.

"ఇది ఏ బండిది బాబాయ్?" అని ఒక రేడియేటర్ చూపిస్తూ అడిగాను.

"వెనక గుద్దేశారు బాబూ. ముందు గీత కూడా పడలా. నువ్వే చూస్కో," అన్నాడు, టార్చి చేతికిస్తూ.

చూడాల్సినవి ఆయనే ఒక్కొక్కటీ చూపించాడు. రెక్కలు అక్కడక్కడా వంగితే ఫరవాలేదు, పొడిపొడిగా రాలుతుంటే పనికిరాదు. ట్యాంకు అంచున తెల్లటి చారలుంటే ఎప్పుడో కారినట్టు. మూత తీసి లోపల వేలు తిప్పినప్పుడు జిడ్డు తగిలితే ఆ ఇంజిన్ హెడ్ గ్యాస్కెట్ పోయి నీళ్లలో నూనె కలిసిందేమోనని అనుమానించాలి. హోస్ పైపు తొడిగే మూతి దగ్గర వెంట్రుకవాసి పగులు కూడా ఉండకూడదు. చివరికి మూతులన్నీ బిగించి, నీళ్ల తొట్టిలో ముంచి, గాలి కొట్టించాడు. ఒక్క బుడగ రాలేదు. కొత్తదాని ధరలో సగం కూడా కాలేదు.

అయితే పాతవాటిలోనూ తీసుకోదగ్గవి, తీసుకోకూడనివి ఉన్నాయి. రబ్బరు వాడకపోయినా ముసలిదవుతుంది. అందుకే హోస్ పైపులు, క్లిప్పులు, మూత కొత్తవే కొన్నాను. మూత చిన్నదే కాని, లోపల ఒత్తిడిని నిలిపి నీళ్లు వంద డిగ్రీలు దాటినా మరగకుండా ఆపేది అదే. ఇంజిన్ పూర్తిగా చల్లారాక రేడియేటర్ మార్చే మేస్త్రీ పాత కూలెంట్‌ను బేసిన్‌లోకి వంపాడు, నేల మీద వదల్లేదు. కూలెంట్‌లోని ఎథిలీన్ గ్లైకాల్ రుచికి తియ్యగా ఉండే విషం, కుక్కలు నాకి చచ్చిపోతాయి. రేడియేటర్ బిగించి, కూలెంట్ నింపి, మూత తీసే ఉంచి ఇంజిన్ నడిపించాడు. లోపలి గాలంతా బుడగలుగా బయటికొచ్చి, ఫ్యాన్ తనంతట తాను తిరిగి ఆగేదాకా మేమిద్దరం అక్కడి నుంచి కదల్లేదు.

2021లో కేంద్ర ప్రభుత్వం పాత వాహనాలను తుక్కు చేసే విధానం ప్రకటించింది. పొగ కక్కే బండ్లు రోడ్డు దిగడం మంచిదే, ఊపిరితిత్తులు ఉన్నవాళ్లెవరూ కాదనరు. తుక్కు అల్యూమినియాన్ని కరిగించి వాడుకుంటే ఖనిజం నుంచి తీసేదాంతో పోలిస్తే 5 శాతం శక్తి చాలు, అదీ మేలే. కాని ఇంకా పదేళ్లు పనిచేయగల రేడియేటర్‌ను కరిగిస్తే లోహమే మిగులుతుంది. ఆ గొట్టాలను, రెక్కలను ఒక్కటిగా కూర్చిన మనుషుల శ్రమ కరిగిపోతుంది. అందుకే ఏ బండైనా కొలిమికి వెళ్లే ముందు ఆటోనగర్ పెద్దాయన లాంటివాళ్ల చేతుల మీదుగా వెళ్లాలంటాను. వాళ్లు బతుకుతెరువు కోసం నేర్చిన ఆ చూపును దేశం ఒక వృత్తిగా గుర్తించాలి. శిక్షణ ఇవ్వాలి, గిట్టుబాటయ్యే కూలి ఇవ్వాలి. పారేయాల్సిందేదో చెప్పడానికి యంత్రాలు చాలు. ఉంచుకోవాల్సిందేదో చెప్పడానికి మనిషే కావాలి.