తెరయు, చూపును

నాటకమొకటే యైనను ముందువరుసవానికి కనబడునది వెనుకవరుసవానికి కనబడదు. ఇప్పుడా వరుసలు మన యిండ్లలోనికే వచ్చినవి.

1957లో విడుదలయిన ‘మాయాబజార్’ చిత్రమును మేము మూడు తెరలపై చూచియుంటిమి. బాల్యమున నరసరావుపేటలో పొరుగింటి నలుపుతెలుపు టెలివిజనులో మొదట చూచితిమి. ఆ గాజుతెర యుబ్బెత్తుగ నుండెడిది. బొమ్మ యంచులు చట్రము వెనుకకు పోయెడివి. మార్కస్ బార్ట్‌లీ ఛాయాగ్రహణమున పేరుగన్న వెన్నెలయంతయు మాకు బూడిదరంగు మసకగనే తోచినది. కాని పింగళి నాగేంద్రరావుగారి మాటలలో నొక్కటియు జారిపోలేదు. కన్నులకు దొరకనిదానిని చెవులు పూరించుకొనెను గాబోలు. 2010లో రంగులద్ది మరల విడుదలచేసినప్పుడు పెద్దతెరపై చూచితిమి. ఈసారి చీరల యంచులు, కిరీటముల మెరుగులు మా చూపును లాగుకొనిపోయినవి. రంగు చెడ్డదని మేమనము. అయితే మునుపు వెలుగు పడినచోటికి పోయిన చూపు ఇప్పుడు ఎరుపు పిలిచినచోటికి పోయినది. నేటి వెడల్పు టెలివిజనులలో తెర నిండుటకై పాతచిత్రమును ప్రక్కలకు సాగదీయువారు కలరు. అది ఘటోత్కచునకు కొంత చెల్లునుగాని శశిరేఖకు చెల్లదు.

ఆ పొరుగింట స్త్రీలు వంటయింటి గడపవద్దనుండియే చూచెడివారు. వారికి బొమ్మలో సగమే దక్కెడిది. మరునాడు కథను చక్కగ చెప్పువారు మాత్రము వారే.

వినోదమున నిది వేడుకమాట, చదువున కాదు. 2020లో పాఠశాలలు మూతపడగా దూరదర్శన్ సప్తగిరిలో పదవతరగతి పాఠములు ప్రసారమైనవి. మేమును నల్లబల్లవద్ద నిలిచి వ్యాకరణము చెప్పి సెల్‌ఫోనులకు పంపుచుంటిమి. కొందరు దానిని టెలివిజనుకు కలిపి చూచిరి. తక్కినవారికి అరచేతి తెరయే గతి. పిదప నోటుపుస్తకములు దిద్దుచుండగా, ‘ధనము’, ‘ఫలము’ అను మాటలు రెండవ తెగవారిలో పలువురి చేత ‘దనము’, ‘పలము’ అయి యుండెను. మన లిపిలో ద, ధల భేదమంతయు క్రిందనుండు నొక చిన్నగీత. పలుకుటలోనే మనవారు ఒత్తును వదలుదురు గదా యందురేమో. వదలుదురు, అందువలననే దానిని కన్ను పట్టుకొనవలెను.

ఆ అరచేతి తెరయైనను ఎవరి చేత నుండెడిది? అన్నదమ్ములున్న యింట మొదట మగపిల్లవాని చేతికే పోయెడిది. ఆడపిల్ల వాని భుజముమీదుగ తొంగిచూడవలసినదే. గురజాల ప్రాంతపు బాలిక యొకతె మాతో ననినది: “మాట వినపడింది మాస్టారూ, బోర్డే కనపడలేదండీ.” మాకు వెంటనే ఆ వంటయింటి గడప జ్ఞప్తికి వచ్చినది. కాని వ్యాకరణము కథవంటిది కాదు. సగము చూచి తక్కినది ఊహించుకొనుటకు వీలులేదు.

అటుపిమ్మట నల్లబల్లపై నొకమారు మూడుమాటలకు మించి వ్రాయలేదు. ఒత్తులను పసుపుపచ్చ సుద్దతో పెట్టితిమి. పంపుటకు ముందు ఫోనును మా వసారాలోని బల్లపై నిలిపి, రెండడుగులు వెనుకకు జరిగి, ప్రక్కవాటుగ నిలుచుండి చూచుకొనెడివారము.