పాలపళ్లే కదా అనుకోవద్దు



మన పల్లెల్లో పిల్లల పళ్ల గురించి ఒక మాట తరచూ వింటుంటాము. "పాలపళ్లే కదా పాస్టరుగారూ, ఎట్లాగూ ఊడిపోయేవే!" ఊడిపోయే మాట నిజమే. కాని వెనుక దవడపళ్లు పది, పన్నెండేళ్ల వరకు బిడ్డ నోట్లో ఉండాలి. అన్నం నమిలేది వాటితోనే. తర్వాత రాబోయే పంటికి చోటు కాచి ఉంచేవీ అవే. అవి ముందే పోతే పక్క పళ్లు ఆ ఖాళీలోకి జరిగి, కొత్త పళ్లు వంకరగా రావచ్చు.

ఈ మధ్య ఒక తల్లి ఐదేళ్ల బిడ్డను ప్రార్థన కోసం తీసుకొచ్చింది. బుగ్గ వాచింది, జ్వరం, రెండు రోజులుగా ముద్ద ముట్టలేదు. మేము ప్రార్థించి, ఆ పూటే పట్టణంలో దంతవైద్యుని దగ్గరకు పంపించాము. చీము పట్టిన పన్ను తీసివేశారు. బిడ్డ కోలుకున్నాడు. కాని ఆ తల్లి అడిగిన ప్రశ్న మమ్మును విడిచిపెట్టలేదు: "మేము చేసిన ఏ పాపానికి అయ్యగారూ, పసివాడికి ఈ బాధ?"

పూర్వం ఇశ్రాయేలీయులలో, పెద్దలు చేసినదానికి పిల్లల పళ్లు పులుస్తాయనే సామెత ఉండేది. ఆ సామెత ఇక పలకవద్దని దేవుడు యిర్మీయా, యెహెజ్కేలు ప్రవక్తల ద్వారా తెలియజేశాడు. గనుక అమ్మా, అది శాపము కాదు. పిప్పిపన్నుకు కారణం తెలిసినదే. నోటిలోని సూక్ష్మక్రిములు మనం తిన్న తీపిని ఆమ్లంగా మారుస్తాయి. ఆ ఆమ్లం పంటి పైపొరను కరిగిస్తుంది. తిన్న తర్వాత సుమారు అరగంట ఈ పని జరుగుతుంది; ఆపై లాలాజలం మెల్లగా బాగుచేస్తుంది. అందుకే ఎంత తీపి తిన్నాడన్నదాని కంటే ఎన్నిసార్లు తిన్నాడన్నది ముఖ్యం. పండుగకు ఒక అరిసె తిని నోరు కడుక్కున్న బిడ్డకంటే, బిస్కెట్ ప్యాకెట్ పట్టుకొని పొద్దంతా కొరుకుతూ తిరిగే బిడ్డకే ప్రమాదం ఎక్కువ. నిద్రలో లాలాజలం తగ్గుతుంది కనుక పాలసీసా నోట్లో పెట్టి పడుకోబెట్టడం మరీ చేటు.

కారణం తెలిసినప్పుడు కాపాడుకునే దారి కూడా ఉంటుంది. మొదటి పన్ను కనబడినప్పటి నుండే శుభ్రం చేయండి. ఫ్లోరైడ్ ఉన్న పేస్టుతో ఉదయం ఒకసారి, రాత్రి పడుకోబోయే ముందు ఒకసారి బ్రష్ చేయించండి. మూడేళ్లలోపు బియ్యపు గింజంత, ఆరేళ్ల వరకు బఠాణీ గింజంత పేస్టు చాలు. మింగకుండా ఉమ్మివేయడం నేర్పండి. ఏడెనిమిదేళ్లు వచ్చేవరకు బ్రష్ పెద్దవాళ్ల చేతిలోనే ఉండాలి. బొగ్గు, ఇటుకపొడి వద్దు; పన్ను అరిగిపోతుంది. నల్గొండ వంటి ఫ్లోరైడ్ నీళ్ల ప్రాంతాలలో ఉన్న మనవాళ్లు తాగే నీటి గురించి, పేస్టు గురించి డాక్టరును అడిగి చేయండి.

ఆరేళ్ల వయసులో ఒక సంగతి గమనించండి. ఏ పన్నూ ఊడకుండానే చివరన ఒక పెద్ద దవడపన్ను వస్తుంది. అదీ పాలపన్నే అనుకుంటారు. కాదు, జీవితాంతం ఉండవలసినది. దానిమీద సుద్దలాంటి తెల్లమచ్చ గాని నల్లని గుంట గాని కనబడితే నొప్పి వచ్చేవరకు ఆగవద్దు. అంగన్‌వాడీలకు, ప్రభుత్వ బడులకు వచ్చే ఆర్.బి.ఎస్.కె. బృందం పళ్లు కూడా చూస్తుంది. ఆ రోజు బిడ్డను బడి మాన్పించవద్దు.

మా సండే స్కూలులో వాక్యం అప్పజెప్పిన పిల్లలకు జామకాయ, పెన్సిలు బహుమానంగా ఇస్తున్నాము. పిల్లలు కొంచెం సణిగారు, తల్లులు సంతోషించారు.

ఈ రాత్రి కుటుంబ ప్రార్థనలో ఆమేన్ చెప్పిన తర్వాత పిల్లల్ని నేరుగా పక్క మీదికి పంపకండి. బ్రష్ తీసుకొని నోరు తెరిపించండి. రెండు నిమిషాల పని. దేవుడు మన చేతికిచ్చిన బిడ్డలకు చేసే సేవలో అదీ ఒక భాగమే.

క్రీస్తు సేవలో,
మీ పాస్టరు