పొన్న చెట్టు క్రింద

దాదీ సమాధి పొన్న చెట్టు క్రింద ఉందని అబ్బా అనేవారు. ఆయన అల్లాహ్ సన్నిధికి చేరిన పిదప అన్నదమ్ములమిద్దరం రాజోలు సమీపంలోని ఆ ఖబరస్తాన్‌కు వెళ్ళాము. దుఆ ఎక్కడి నుండి చేసినా అల్లాహ్ ఆలకిస్తాడు. అయినా మనసు ఊరుకోలేదు.

అక్కడ ఏ సమాధికీ పలక లేదు. చెట్లు మాత్రం రెండు. పట్నంలో పెరిగిన మాకు రెండూ కొత్తవే. మొదటిదాని ఆకులు రావి ఆకులను పోలి ఉన్నాయి. పసుపు పూలు వాడి ఎర్రబడ్డాయి. అది గంగరావి అని అక్కడి పెద్దాయన చెప్పారు.

రెండవదాని బెరడు నిలువునా పగుళ్ళు వారింది. ఆకులు జంటలుగా, దళసరిగా నిగనిగలాడుతున్నాయి. ఒకదానిని వెలుగుకు ఎత్తి చూశాము: నడి ఈనె నుండి అంచు దాకా దువ్వెన పళ్ళవలె సన్నని ఈనెలు. తొడిమ తుంచితే జిగురుపాలు. నేలనిండా గోళీల వంటి కాయలు; ఎండిన తొక్క ఒలిస్తే గట్టి పెంకు, లోపల ఒకే గింజ.

"ఈ గింజల నూనెతోనే పూర్వం దీపాలు పెట్టేవారు, బాబూ! పడవలకు దీని కలపే. ఇదే పొన్న" అన్నారాయన.

దాని నీడలో మూడు మట్టిదిబ్బలున్నాయి. ఏది దాదీదో ఆయనకూ తెలియదు. మూడింటి ముందూ నిలబడి సలాం చెప్పి, ముగ్గురి కొరకూ దుఆ చేశాము.