అత్తయ్యగారితో ఫిల్మ్ సిటీకి

సెలవులిస్తే చాలు, ఎక్కడికైనా తీసుకెళ్లమని పిల్లలు ఒకటే పోరు. మీ ఇంట్లోనూ అంతే కదూ! మేముండేది దిల్‌సుఖ్‌నగర్‌లో. విజయవాడ రోడ్డు మీద హయత్‌నగర్ దాటి వెళితే రామోజీ ఫిల్మ్ సిటీ. 1996లో మొదలైన ఆ ఊరంత స్టూడియోను మా వీధిలో చూడనివాళ్లు లేరు, మేము తప్ప. కారణం మా అత్తయ్యగారి మోకాళ్లు.

అంతకుముందు ఒకసారి వేరే పార్కుకు వెళ్లాం, పేరెందుకులెండి. తప్పు మాదే. మధ్యాహ్నం భోంచేసి తీరిగ్గా బయల్దేరి, మూసేవేళ దాకా ఉన్నాం. జనమంతా ఒక్కసారిగా గేటువైపు వచ్చేసరికి ఆవిడ నడవలేక దారి పక్కన అరుగు మీద కూలబడ్డారు. "మీరు వెళ్లండమ్మా, నా వల్ల అందరికీ ఇబ్బంది" అన్నారు. ఆ తర్వాత మాతో గుడికి రావడం కూడా మానేశారు. "ఇంటికి కాపలా ఉంటాలే" అన్నప్పుడల్లా నా మనసు చివుక్కుమనేది.

ఈసారి నేనే పట్టుబట్టాను. ఎప్పుడు వెళ్లాలన్నది తర్వాత, ఎప్పుడు తిరిగి రావాలో ముందు అనుకున్నాం. నాలుగింటికల్లా మన కారు దగ్గరుండాలి. అక్కణ్ణుంచి వెనక్కి లెక్క కట్టుకుంటూ వచ్చాను, వడ్డన టైమును బట్టి పొయ్యి వెలిగించే టైము లెక్కేసినట్టు.

తెలియనివాళ్ల కోసం చెబుతాను. మన బండి గేటు దగ్గరే ఆపేయాలి. అక్కణ్ణుంచి వాళ్ల బస్సులో చాలా దూరం లోపలికి వెళ్లాలి. సెట్లు, తోటలు చూపించడానికి లోపల మళ్లీ వేరే బస్సులు. పొద్దున జనం కొద్దికొద్దిగా వస్తారు. సాయంత్రం చివరి షో అవగానే అందరూ ఒకేసారి కదులుతారు. కిటుకంతా ఇక్కడే ఉంది.

ఆదివారం వద్దన్నాను. ఆ సాయంత్రం ఊళ్లనుంచి తిరిగొచ్చే బండ్లతో ఎల్బీ నగర్ దాకా నత్తనడకే. సంక్రాంతికి ముందూ వెనకా అసలే వద్దు. మంగళవారం పిల్లల చేత బడి మాన్పించాను, తిట్టుకోకండి!

పొద్దున్నే వెళ్లి, ఎండ ముదరకముందే బస్సులో తిరిగే పని ముగించేశాం. రైల్వే స్టేషను సెట్టు చూసి అత్తయ్యగారు "ఇదే ఊరే?" అన్నారు. "బోర్డు మారిస్తే ఏ ఊరైనా అవుతుంది నానమ్మా" అన్నాడు మా చిన్నాడు. బాహుబలి సెట్టు దగ్గర పిల్లల్ని మావారికి అప్పగించి, మేమిద్దరం నీడన కూర్చుని కబుర్లు చెప్పుకున్నాం. అన్నీ చూడాలని పంతం పట్టకండి. బొమ్మలు, గాజులు లాంటివి కొనాలంటే భోజనానికి ముందే కొనేయండి. చివర్లో కొందామంటే అక్కడే అరగంట పోతుంది. కూర్చుని చూసే షోలు ఎండవేళకి ఉంచుకున్నాం. చివరి షో మాత్రం వదిలేశాం. చిన్నాడు మొహం మాడ్చుకున్నాడు గానీ, మూడున్నరకి బస్సు దగ్గరకొస్తే అక్కడ ఆరేడుగురే ఉన్నారు! అత్తయ్యగారికి కిటికీ పక్క సీటు దొరికింది.

పండగ రోజుల్లో రాత్రి దీపాలు, ఊరేగింపు చూడాలనుకునేవాళ్లు దీనికి సరిగ్గా తిరగేసి చేయాలి. పొద్దున వెళ్లి అలిసిపోకుండా మధ్యాహ్నం దాటాక వెళ్లండి. అంతా అయ్యాక గబగబా లేవకండి. పెద్దవాళ్లతో ఓ అరగంట కూర్చుంటే రద్దీ అదే పలచబడుతుంది.

కారులో చింతపండు పులిహోర ఉంచాను. పెరుగన్నమైతే ఆ వేడికి పులిసిపోయేది. గేటు బయట చెట్టుకింద తిన్నాం. దారంతా అత్తయ్యగారిది ఒకటే ప్రశ్న, "ఆ స్టంటు షోలో పడ్డ పిల్లాడికి నిజంగా దెబ్బ తగల్లేదంటావా?"

శుక్రవారం నేను గుడికి బయల్దేరుతుంటే, ఆవిడ వాకిట్లో చెప్పులు వెతుక్కుంటున్నారు.