తార్నాక దారిలో విన్నది

మన సంఘంలోని అక్కకు కీమో మొదలయ్యాక మీలో చాలామంది అడిగారు: గడ్డ ఒకచోట ఉంటే జుట్టెందుకు రాలుతుంది అయ్యగారూ అని.

మొన్న ఆమె రిపోర్టుల కోసం హైదరాబాదు వెళ్లినప్పుడు ఉస్మానియాలో కెమిస్ట్రీ చదివే మన ఊరి అబ్బాయి తార్నాక దాకా నాతో నడుస్తూ చెప్పాడు. ఆ మందు వేగంగా పెరిగే కణాలన్నిటినీ కొడుతుంది. గడ్డా, జుట్టు కుదురా, నోటి పొరా అని చూడదు. అందుకని మందును పాలిమర్ గొలుసుకో, దాంతో చేసిన కంటికి కనబడని రేణువుకో కట్టి పంపే ఆలోచన వచ్చింది. 1975లో జర్మనీ శాస్త్రవేత్త రింగ్స్‌డార్ఫ్ దానికి నమూనా గీశాడు. గడ్డలోని రక్తనాళాలకు సందులెక్కువ. రేణువులు వాటిగుండా లోపలికి దూరి నిలుస్తాయి. అక్కడ ఆ కట్టు తెగి మందు బయటపడాలి. ఎలుకల్లో కుదిరినంత బాగా మనుషుల్లో కుదరడం లేదట. అబ్బాయి దాచకుండా చెప్పాడు, నాకది నచ్చింది.

మాటల్లోనే ఐఐసీటీ గేటు వచ్చింది. 1944 నాటి సంస్థ. మందును గడ్డకే చేర్చే పరిశోధనలు అక్కడా ఉన్నాయి.

అక్కకు ఎక్కిస్తున్నది మాత్రం మామూలు కీమోయే. "మంచిది వచ్చేదాకా ఆగనా, అయ్యగారూ?" అంది. వద్దమ్మా, గురువారం బండి మాట్లాడాను అన్నాను. ఆ రోజు తోడు వెళ్లగలిగిన సహోదరి ఎవరైనా ఉంటే నాకు ఫోన్ చేయండి.